తోక కోసిన తేదీ

మార్చి 2, సోమవారం

పొద్దున క్లినిక్‌లో లిఫ్టు జారిపోయింది. రోపు తెగి, బ్రేకు పట్టేలోగా ఒక అంతస్తు కిందికి వచ్చేసింది. లోపల ఒక నర్సు ఉంది. కాలు విరిగింది. ఆ లిఫ్టును పోయిన గురువారం తనిఖీ చేసింది మా బాబాయి.

మా లిఫ్టుల తనిఖీ ఆఫీసంతా క్లినిక్‌కి పరుగెత్తింది. సర్వరు గదిలో నేనూ, నాకీ పని నేర్పిన మాస్టారూ మిగిలాం. ఆయన మాత్రం నిదానంగా ఉన్నారు. "విచారణ వాళ్ళొస్తారు తల్లీ. రిపోర్టు ఏ రోజుదో తెరమీద చూపించమంటారు. నీ స్క్రిప్టు కాస్త శుభ్రం చేసిపెట్టు" అన్నారు. రిపోర్టు ఫైళ్ళు చివరిసారి ఎప్పుడు మారాయో చూపించే స్క్రిప్టు అది. నేను రాసిందే. ఒక్కో ఫైలుకీ రెండు తేదీలు వచ్చేవి. రెండోది తీసేయమన్నారు. "రెండు తేదీలు చూస్తే జనం కంగారుపడతారు. ఒకటి చాలు. ఆ సెకన్ల వెనకున్న అంకెల తోక కూడా కోసెయ్యి, నీటుగా ఉంటుంది." తీసేశాను. కోసేశాను. ఇప్పుడు మొత్తం ఒకే లైను:

for f in *.txt; do echo "$f $(stat -c %y "$f" | cut -d. -f1)"; done

నిజంగానే నీటుగా ఉంది.

ఇంటికొచ్చేసరికి బాబాయి కాళ్ళు కడుక్కుని కూర్చుని ఉన్నాడు. పిన్ని అడగకుండా ఉంటుందా? "ఏమైందండీ?" అంది.

"ఆపమని రాశాను. ఎందుకు ఆపలేదో వాళ్ళనడగాలి."

"రాయడం ఎందుకు, అక్కడే నోటితో చెప్పెయ్యకపోయారా?"

"రూలు ఒప్పుకోదు. మేం భవనం వాళ్ళతో మాట్లాడకూడదు. బేరాలు జరుగుతాయని. ఆపమని రిపోర్టు వెళ్తే ఆ సాయంత్రమే ఆఫీసే వాళ్ళకి నోటీసు పంపాలి."

"రూలట రూలు. ఈయనకి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ ఊళ్ళో ఏ రోపు ఎక్కడ అరిగిందో మాత్రం తెలుసు" అని పిన్ని లోపలికి వెళ్ళింది. బాబాయి నవ్వాడు. నాకు గుండె కుదుటపడింది. ఆపమని రాశాడు కదా. ఇక మాకేం భయం.

మార్చి 3, మంగళవారం

ఈ రోజు ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున్నుంచి నాకు కుదురు లేదు. మధ్యాహ్నం మాస్టారు కుర్చీ తిప్పి నా మొహం చూశారు. "ఏంటి తల్లీ, అలా పీక్కుపోయావు? రిసెప్షన్ అమ్మాయిని తీసుకెళ్ళి టీ తాగి రా. తొందరేం లేదు, ఇక్కడ నేను చూసుకుంటాలే" అన్నారు. వెళ్ళాం. ఆ కాసేపూ ప్రాణం తెరిపిన పడింది. చేరిన కొత్తలో నల్లటి తెరమీద తెల్లక్షరాలు చూస్తేనే నాకు కళ్ళు తిరిగేవి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కమాండూ నేర్పింది ఆయనే. ఎన్నిసార్లు తప్పు కొట్టినా విసుక్కోలేదు. నాన్న పోయాక నన్ను ఇంట్లో పెంచింది బాబాయి అయితే, ఆఫీసులో పెంచింది మాస్టారు.

సాయంత్రం డైరెక్టరు వచ్చి రిపోర్టు తెరవమన్నాడు. నేనే తెరిచాను.

"రోపులు బాగున్నాయి. లిఫ్టు వాడవచ్చు."

వేరే ఫైలు తెరిచానేమోనని పేరు చూశాను. అదే. స్క్రిప్టు నడిపాను. ఫిబ్రవరి 26, సాయంత్రం ఆరూ నలభై రెండు. బాబాయి పంపిన రోజే, పంపిన వేళే. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

బ్యాకప్‌లో చూద్దామన్నాను. బ్యాకప్ డిస్కు పాడై నెలైందని మాస్టారు గుర్తుచేశారు. బాబాయి రిపోర్టు రాసి పంపే ట్యాబులో చూద్దామంటే, పంపగానే అందులోది చెరిగిపోతుంది.

డైరెక్టరు ఫైలు మూసెయ్యమన్నాడు. నా వైపు చూసిన చూపు చాలు.

మార్చి 4, బుధవారం

అడిగాను. పిన్ని బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళినప్పుడు.

"బాబాయ్, నిజంగా ఏం రాశావు?"

"చెప్పాను కదా అమ్మలూ. రోపులో తీగెలు తెగాయి, లిఫ్టు ఆపండి అని."

"ఫైల్లో వాడొచ్చనే ఉంది. తేదీ గురువారానిదే."

"అయితే తేదీ తప్పు."

"తేదీ తప్పవదు బాబాయ్. దాన్ని మనిషి రాయడు, మిషన్ వేస్తుంది."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నేనే కళ్ళు తిప్పుకున్నాను. తప్పు చేసింది ఆయనా, నేనా? ఆ రోజు ఒళ్ళు బాగాలేక మెషీన్ రూం దాకా మెట్లెక్కలేకపోయానని చెప్పొచ్చు కదా. మర్చిపోయానని చెప్పొచ్చు. నేనేమైనా పరాయిదాన్నా? నా మొహంమీదే అబద్ధం ఆడాడు. నాకు లెక్కలు చెప్పిన మనిషి, జ్వరం వస్తే ఆఫీసు మానేసి పక్కన కూర్చున్న మనిషి.

కోపం లేదు. ఒళ్ళు మండుతోంది, అంతే.

మార్చి 6, శుక్రవారం

మొదటి విచారణ. పొడుగాటి బల్లకి ఆ కొసన విచారణ మేడమ్, ఈ కొసన మేం. బాబాయి చేతులకున్న గ్రీజు పోయేదాకా సబ్బుతో రుద్దుకుని వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ రిపోర్టును తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చా?" అని మేడమ్ నన్ను అడిగింది.

"మారిస్తే తేదీ మారుతుందండి" అన్నాను. స్క్రిప్టు నడిపాను. గోడమీద అంత పెద్ద అక్షరాలతో పడింది.

బాబాయి అన్నాడు: "రోపు చూడండి మేడమ్. తీగెలు తెగిన చోట నేను ఎర్ర రంగు పూస్తాను, ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ రోజూ పూశాను."

మాస్టారు నెమ్మదిగా అన్నారు: "రంగు ఎవరైనా ఎప్పుడైనా పూయొచ్చండీ. తేదీ ఎవరూ పూయలేరు."

ఎంత బాగా చెప్పారో అనిపించింది. తలూపాను కూడా.

బాబాయి నా తల చూశాడు. "అమ్మలూ, నీకూ అలాగే అనిపిస్తోందా?"

అందరూ నావైపు తిరిగారు.

"తేదీ అలా చూపిస్తోంది బాబాయ్."

ఆయన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. పనిలోంచి ఆపేశారు. ఇరవయ్యో తారీకున తుది విచారణ. తప్పు తేలితే లైసెన్సు పోతుంది. పోలీసు కేసూ పెడతారట.

నేను అబద్ధం చెప్పలేదు. తెరమీద ఏముందో అదే చెప్పాను.

మార్చి 7, శనివారం

"బాత్రూం ఖాళీ అయింది మేడమ్."

బాబాయి నన్ను అలా పిలిచాడు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మార్చి 8, ఆదివారం

పిన్ని నాతో మాట్లాడుతూనే ఉంది. "కంచం తియ్యి", "తలుపు వెయ్యి". నోరు మూతపడని పిన్ని.

మార్చి 10, మంగళవారం

విచారణ మేడమ్ ఆ ఫోల్డరులోని రిపోర్టులన్నిటి పూర్తి వివరాలు ప్రింటు తీసి పంపమంది. పూర్తి అంటే పూర్తి, ఏదీ కోయకుండా అని మరీ మరీ చెప్పింది. సరేనని ls -l --full-time కొట్టాను. ప్రతి ఫైలుకీ సెకన్ల తర్వాత ఒక చుక్క, చుక్క వెనక బారెడు అంకెల తోక. ఏ రెండూ ఒకలా ఉండవు. క్లినిక్ ఫైలు దగ్గర మాత్రం చుక్క తర్వాత అన్నీ సున్నాలే. ఇస్త్రీ చేసినట్టు.

మాస్టారికి చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సర్వరు ఒక్కోసారి గుండ్రంగా వేస్తుంది తల్లీ. ఇవన్నీ వాళ్ళకి పంపితే లేనిపోని ప్రశ్నలు. మన పాత ప్రింటే పంపు" అన్నారు.

గుండ్రంగా వేస్తుంది. అయ్యుండొచ్చు. ఆయనకి తెలియదా.

మార్చి 11, బుధవారం

ప్రింటు ఇంకా పంపలేదు. ప్రింటరులో ఇంకు తక్కువగా ఉంది.

మార్చి 12, గురువారం

గుండ్రంగా వేస్తుందట.

మార్చి 15, ఆదివారం

ఇంట్లో నా లాప్‌టాప్‌లో కూర్చుని ఫైళ్ళు సృష్టించాను. రాసి, సేవ్ చేసి, తోక చూశాను. మళ్ళీ. మళ్ళీ. వేళ్ళు నొప్పెట్టేదాకా. ఒక్కసారి కూడా గుండ్రంగా వేయలేదు.

తర్వాత టచ్ కమాండుతో ఒక ఫైలుకి పాత తేదీ పెట్టాను, నెల, రోజు, గంట, నిమిషం, సెకను అన్నీ చేత్తో కొట్టి. చూశాను. చుక్క తర్వాత అన్నీ సున్నాలే.

లాప్‌టాప్ మూసేశాను. పిన్ని వచ్చి "ఏమే, ఒంట్లో బాగాలేదా?" అంది. పది రోజుల్లో మొదటి పెద్ద మాట. బాగానే ఉందన్నాను.

ఎవరో బయటివాళ్ళు సర్వరులో జొరబడి ఉంటారు. అలాంటివి జరుగుతుంటాయి.

మార్చి 16, సోమవారం

మేడమ్‌కి ఎలా చెప్పాలో ఇక్కడ రాసుకుని చూస్తున్నాను.

ఫైలుకి రెండు తేదీలుంటాయి. లోపలి రాత మారినప్పుడు పడేది మొదటిది. దాన్ని టచ్‌తో మనకి కావలసినట్టు వెనక్కి జరపొచ్చు. ఫైలు సంగతులు ఏవి మారినా, ఆ మొదటి తేదీని జరిపినా సరే, సిస్టమ్ తనంతట తాను వేసుకునేది రెండోది. దాన్ని వెనక్కి జరపడానికి కమాండు లేదు. రిపోర్టులన్నిటికీ ఈ రెండూ ఒకటే ఉంటాయి, ఎందుకంటే పంపాక వాటిని ఎవరూ ముట్టుకోరు.

మాస్టారు బయటికెళ్ళినప్పుడు, స్క్రిప్టులోంచి నాతో తీయించిన ఆ రెండో తేదీని మళ్ళీ పెట్టాను. ముందు కళ్ళు మూసుకున్నాను. తర్వాత తెరిచాను.

క్లినిక్ ఫైలు. మొదటి తేదీ ఫిబ్రవరి 26. రెండో తేదీ మార్చి 3, మధ్యాహ్నం మూడూ పది.

లిఫ్టు జారిన మర్నాడు. నేను టీ తాగుతున్న వేళ.

టీ తాగి రా తల్లీ. తొందరేం లేదు.

ఆ ఫోల్డరులో చెయ్యిపెట్టే అధికారం ఉన్నది ఇద్దరికే. ఒకదాన్ని నేను, ఆ వేళకి టీ కొట్టు దగ్గర బెంచీమీద కూర్చుని, మా మాస్టారు ఎంత మంచివారో రిసెప్షన్ అమ్మాయికి చెబుతున్నాను.

సెకన్లు కూడా సరిగ్గా కొట్టారు, అంత జాగ్రత్త మనిషి. అసలు తేదీని నా స్క్రిప్టులోంచే చూసి కొట్టి ఉంటారు. అందులో తోక లేదు. ముందు రోజు నాతో కోయించింది ఆయనే కదా.

నవ్వొచ్చింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 17, మంగళవారం

నేరుగా అడిగాను. తలుపు వేసి.

"ఎందుకు చేశారు మాస్టారూ?"

ఏమిటని అడగలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. కాస్త బుకాయించి ఉంటే బాగుండేది.

"నోటీసులు పంపే ప్రోగ్రాం నాదే కదా. ఒక్కో నోటీసు రెండేసిసార్లు వెళ్తోందని భవనాల వాళ్ళు గొడవ చేస్తే జనవరిలో ఆపాను. బాగుచేసి మళ్ళీ మొదలుపెడదామనుకున్నాను. మర్చిపోయాను తల్లీ. అంతే. మర్చిపోయాను."

"బాబాయి ఏం రాశాడు?"

"ఆపమనే రాశాడు."

"నాలుగు రోజులు ఆ ఫైలు అక్కడే ఉంది. ఎవరూ తెరవలేదు."

"నువ్వు తెరిచావా?"

రోజూ పొద్దున్నే తేదీలు చూస్తాను. రిపోర్టు ఒక్కటీ చదవను.

"మీ బాబాయికి వయసైపోయింది. ఇవాళ కాకపోతే రేపు ఇంట్లో కూర్చునే మనిషే. కేసు దాకా పోకుండా డైరెక్టరుతో నేను మాట్లాడతాను. నా తర్వాత ఈ గది నీదే. ఒక్కసారి ఆలోచించు. నీకు ఇదంతా నేర్పింది నేను."

"అవునండీ. టచ్ కూడా మీరే నేర్పారు."

చెయ్యి చాపి నా తలమీద పెట్టబోయారు, ఎప్పటిలాగే. వెనక్కి జరిగాను. ఈ మనిషి మాట పట్టుకుని నేను ఇంట్లో మనిషిని నిలబెట్టి అబద్ధాలకోరుని చేశాను. ఛీ.

ప్రింటు పంపేశాను. పూర్తిది. తోకలతో సహా.

మార్చి 20, శుక్రవారం

తుది విచారణ.

రెండు తేదీలూ గోడమీద పెట్టాను. మొన్న ఇక్కడ రాసుకున్నట్టే చెప్పాను. మేడమ్ చివరిదాకా విని అడిగింది: "ఆ ఫైలు మార్చగలిగేవాళ్ళు ఎవరెవరు?"

"ఇద్దరమే మేడమ్. మాస్టారు, నేను."

మాస్టారు చెబుతారనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మొన్న నాతో ఒప్పుకున్న మనిషి కదా. ఆయన బల్లమీదున్న నీళ్ళ గ్లాసు వంక చూస్తూ అన్నారు:

"ఆ అమ్మాయి చేసి ఉండొచ్చు. తెలివైన పిల్ల. పైగా వాళ్ళ బాబాయి."

మేడమ్ కలం కింద పెట్టింది.

"బాబాయిని కాపాడాలంటే ఆపమని రాస్తుంది గానీ, ఆపమని ఉన్నదాన్ని వాడొచ్చని ఎందుకు మారుస్తుందండీ? సొంత బాబాయిని ఇరికించడానికా?"

మేడమ్ తన సంచిలోంచి ఒక ఫోటో తీసింది. క్లినిక్ రోపుది. తెగిన చోటికి పైనా కిందా ఎర్ర రంగు, మసి పట్టి, గ్రీజు కింద నలిగి. "మొదటి రోజు ఈయన చెప్పింది విని తెప్పించాను. దీనిమీద గ్రీజు ఎన్నాళ్ళదో మెకానిక్కు చెప్పాడు. లిఫ్టు జారకముందే పూశారు. బాగుందని రాసినవాడు రంగెందుకు పూస్తాడని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. అందుకే అడిగాను పూర్తి ప్రింటు."

అంటే ఆమె విన్నది. ఆ గదిలో బాబాయి మాట విన్నది ఆమె ఒక్కతే.

రిసెప్షన్ అమ్మాయిని పిలిచి టీ సంగతి అడిగారు. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత మాస్టారు చాలాసేపు మాట్లాడారు. నేను వినలేదు. తెరమీది సున్నాలు చూస్తూ కూర్చున్నాను.

బాబాయిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. డైరెక్టరు చెయ్యి కలిపాడు. అందరూ నా భుజం తట్టారు. భలే పట్టుకున్నావన్నారు.

బాబాయి నా కోసం ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మార్చి 21, శనివారం

పిన్ని సంతోషంతో ఇల్లంతా కడిగింది. కళ్ళు తుడుచుకుంటూ నన్ను కావలించుకుంది. "పోనీలే, చివరికి నువ్వే కదే బయటపడేసింది" అంది బాబాయికి వినబడేలా.

బాబాయి చెప్పులు తుడుచుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ముందు మిషన్ చెప్పింది, నమ్మింది. ఇప్పుడూ మిషనే చెప్పింది, నమ్మింది. ఇందులో నేనెక్కడున్నాను?"

పిన్ని "చాల్లెండి" అంది. నేను నా గదిలోకి వచ్చేశాను.

ఆయన అన్నది నిజం. ఆ సున్నాలు కనబడకపోయి ఉంటే? మాస్టారు తోక కూడా సరిగ్గా కొట్టి ఉంటే? ఆ రెండో తేదీ అనేదే లేకపోయి ఉంటే? ఇవాళ్టికీ నేను ఆయన్ని అబద్ధాలకోరనే అనుకుంటూ ఉండేదాన్ని. మాస్టారు నాకు చేసిన ద్రోహం గురించి ఎన్ని పేజీలైనా రాయగలను. బాబాయికి నేను చేసిందానికి ఏం పేరు పెట్టాలి?

మార్చి 24, మంగళవారం

మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. నన్ను అందులో కూర్చోమన్నారు. నా పాత కుర్చీ నాకు చాలు.

మార్చి 26, గురువారం

"క్షమించు బాబాయ్" అన్నాను. "దేనికి మేడమ్?" అన్నాడు.

మార్చి 31, మంగళవారం

ఈ రోజు క్లినిక్ లిఫ్టుకి కొత్త రోపులు వేశారు. తనిఖీకి బాబాయే వెళ్ళాడు. సాయంత్రం మామూలుగా అయితే అక్కడి నుంచే ట్యాబులో రాసి పంపేస్తాడు. అలాంటిది నేను ఇంటికి బయల్దేరుతుంటే సర్వరు గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతికి గ్రీజు అలాగే ఉంది. ఆ గదిలోకి ఆయన రావడం ఇదే మొదటిసారి. ఫ్యాన్ల హోరుకి చుట్టూ చూశాడు. నా కుర్చీ జరిపి ఇచ్చాను. కూర్చోలేదు. ట్యాబు నా ముందు పెట్టాడు.

"చదవండి."

చదివాను. రోపులు కొత్తవి. బ్రేకు పట్టు సరిపోయింది. నేను మూడుసార్లు ఎక్కి దిగాను. లిఫ్టు వాడవచ్చు.

"పైకి చదవండి."

పైకి చదివాను. సగంలో తడబడ్డాను. ఆగి, మొదటినుంచీ మళ్ళీ చదివాను. ఆయన చివరిదాకా విని తలూపాడు. అప్పుడు పంపే బటన్ నొక్కాడు. నొక్కేటప్పుడు నా మొహమే చూస్తున్నాడు, ట్యాబు కాదు.

"రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే తేదీ చూడొద్దు. చదివారు కదా, చదివింది చెప్పండి."

"చెప్తాను బాబాయ్."

ట్యాబు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. అమ్మలూ అంటాడేమోనని నిలబడ్డాను.

"లైటు ఆర్పేసి రండి మేడమ్. బస్సు స్టాపులో ఉంటాను" అన్నాడు.